ఉండి రోడ్డు మామ్మగారి బాతు గుడ్లు: 14 నెలలు వండుకు తిన్నాక

ముందే చెప్పేస్తాను, ఇది దుకాణం కాదు. బోర్డు లేదు, బిల్లు లేదు, ఫోన్‌పే కూడా మనవడు ఇంట్లో ఉంటేనే. భీమవరం నుంచి ఉండి అనే ఊరికి వెళ్ళే దారిలో కాలవ గట్టు దిగితే ఒక పెంకుటిల్లు. ఇంటి వెనక చిన్న చెరువు. అందులో 22 బాతులు. గుడ్లు ఇంటికి వాడుకోగా మిగిలినవి ఆవిడ అమ్ముతుంది, ఒకటి 12 రూపాయలు. ఆ వీధిలో పిల్లా పెద్దా అందరూ మామ్మగారనే పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను. 2025 సంక్రాంతి పిండివంటలు అయిపోయిన వారంలో మొదటిసారి వెళ్ళాను. మధ్యలో మానేసిన ఒక నెల, గుడ్లు దొరకని మూడు వారాలు తప్పితే ఇప్పటిదాకా కొంటూనే ఉన్నాను. నేను ఇంట్లో కేకులు చేసి ఇస్తుంటాను. ఎవరు కేకు తీసుకెళ్ళడానికి వచ్చినా ఈ గుడ్ల సంగతి అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

నేను పుట్టింది పాలకొల్లు వైపే. బాతులు చూడని బాల్యం కాదు, కానీ బాతు గుడ్డు మాత్రం మా ఇంట్లో గడప దాటలేదు. "నీచు కంపు, గిన్నెలు పాడైపోతాయి" అనేది అమ్మ. కోడిగుడ్డుకే విడిగా ఒక గిన్నె, విడిగా ఒక గరిటె ఉండే ఇల్లు మాది. పెళ్ళయి హైదరాబాదులో ఉన్నప్పుడు, ఇంట్లో కేకులు చేసి ఇవ్వడం మొదలుపెట్టాక, బాతు గుడ్డుతో స్పాంజి బాగా పొంగుతుందని విని ఓ పెద్ద దుకాణంలో ఆరు గుడ్ల పెట్టె కొన్నాను. పెట్టె చాలా ముచ్చటగా ఉంది. గుడ్లు తెల్లగా మెరిసిపోయేలా కడిగి పెట్టారు. ఇంటికొచ్చి నీళ్ళలో వేస్తే రెండు తేలాయి, ఒకటి నిటారుగా నిలబడింది. మిగతా మూడు కొడితే పచ్చసొన పళ్ళెంలో నీళ్ళలా పారింది. చీటీ మీద తేదీ చూద్దామని గీకితే దాని కింద ఇంకో చీటీ! దాంతో బాతు గుడ్డు అంటే అంతేలే అనుకుని వదిలేశాను. మావారికి భీమవరం బదిలీ అయ్యేదాకా మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు.

మామ్మగారి దగ్గరికి పొద్దున్నే వెళ్ళాలి. పొద్దున్నే అంటే మరీ ఆరింటికి కాదు. బాతులు తెల్లవారుజామున గుడ్లు పెడతాయి. పెట్టాక కోడిలా ఊరంతా టముకు వెయ్యవు, ఎక్కడుంటే అక్కడ చప్పుడు లేకుండా వదిలేసి పోతాయి. చెరువులో ఉంటే చెరువులోనే. అందుకని ఎనిమిదిన్నర దాకా ఆవిడ దొడ్డి తలుపు తియ్యదు. లోపలనుంచి ఒకటే గోల. ఆ గోలంతా ఆడవాటిదేనట. మగవాటికి బొంగురు గొంతు, తోక మీద ఒక ఈక ఉంగరంలా మెలి తిరిగి ఉంటుంది. 22లో అలాంటివి నాలుగు. తక్కిన 18 పెడితే పెట్టినట్టు, లేకపోతే లేదు. మంచి రోజుల్లో 13, 14 గుడ్లు దొరుకుతాయి. తలుపు తియ్యగానే మూకుమ్మడిగా చెరువు మీదికి పరిగెడతాయి. అప్పుడు ఆవిడ వంగి, వరిగడ్డిలో చెయ్యి పెట్టి తడుముతూ ఒక్కొక్కటే తీస్తుంది. కొన్ని తెల్లవి, కొన్నిటికి లేత నీలిపచ్చ ఛాయ. రంగుని బట్టి రుచి మారుతుందేమోనని విడివిడిగా ఉడకబెట్టి చూశాను. ఏమీ మారలేదు.

గుడ్లు శుభ్రంగా ఉండవు. ఇది మొదటి ఫిర్యాదు. బాతు కాళ్ళకి బురద, గడ్డికి తడి, గుడ్డుకి ఆ రెండూ. మామ్మగారు ఎండు కొబ్బరి పీచుతో తుడుస్తుంది తప్ప కడగదు. "కడిగి ఇవ్వొచ్చు కదా మామ్మగారూ" అంటే, "కడిగితే పైన పొర పోద్దమ్మాయ్, నాలుగు రోజుల్లో కుళ్ళుతాది. వండేటప్పుడు నువ్వే కడుక్కో" అంది. మాట సబబైనదే. పెంకు మీద సన్నటి పొర ఒకటి ఉంటుంది, అది పోతే పెంకు రంధ్రాల్లోంచి క్రిములు లోపలికి పోవడం సుళువవుతుంది. ఆ హైదరాబాదు గుడ్ల మెరుపు ఎంత ఖరీదైనదో అప్పుడర్థమైంది నాకు. అయినా పేడలాంటి మరకలున్న గుడ్డుని ఫ్రిజ్‌లో పాల పక్కన పెట్టడానికి మనసు ఒప్పదు. ఒక స్టీలు డబ్బాలో అడుగున ఊక పోసి, మూతపెట్టి, కింది అరలో విడిగా ఉంచుతాను. వండే ముందు కడిగి, వెంటనే చేతులు సబ్బుతో కడుక్కుంటాను. డబ్బా మనమే పట్టుకెళ్ళాలి. ఆవిడ ఇచ్చేది ఊక ఒక్కటే, అది మాత్రం ఎంత కావాలంటే అంత.

మొదటి పది గుడ్లనీ వంటింటి కాటా మీద పెట్టాను. అతి చిన్నది 61 గ్రాములు, అతి పెద్దది 79. సగటు 70 దగ్గర తేలింది. అదే వారం వీధి చివర కొట్లో కొన్న కోడిగుళ్ళు 53 దగ్గర తూగాయి. అంటే 12 రూపాయలు మరీ ఎక్కువేం కాదు. పైగా పచ్చసొన వాటా బాతు గుడ్డులో ఎక్కువ. పగలగొట్టడం మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. అలవాటు చొప్పున గిన్నె అంచుకి తడితే గీత కూడా పడలేదు. రెండోసారి కసిగా కొట్టాను, సగం చేతిలోకి, సగం పొయ్యి గట్టు మీదికి. పెంకు మందం, దాని లోపలి పొర ఇంకా గట్టి. ఇప్పుడు అట్లకాడ అంచుతో నడుం మీద ఒకే దెబ్బ వేసి, బొటనవేళ్ళతో విప్పుతున్నాను. అన్నీ ఒకే గిన్నెలోకి కొట్టకుండా ఒక్కొక్కటీ చిన్న గిన్నెలో చూసుకుని కలుపుతాను. పల్లెటూరి ఇంటి గుడ్డు, పొదుగుతున్న గుడ్డు పొరపాటున కలిసిపోవచ్చు. నాకైతే ఇప్పటిదాకా అలా రాలేదు, కానీ వచ్చాక చూసుకుంటే ఏం లాభం?

ఇక ఉడకబెట్టడం. మొదటి ఆదివారం ఆ పొద్దున తెచ్చిన గుడ్లే ఆ పొద్దున ఉడకేశాను. వొలుస్తుంటే పెంకుతోపాటు తెల్లసొన పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. ఆరు గుడ్లు ఎలకలు కొరికినట్టు తయారయ్యాయి. మళ్ళీ వారం వెళ్ళి చెబితే మామ్మగారు నవ్వింది. "తాజా గుడ్డు అట్టుకి, వారం గుడ్డు పులుసుకి" అంది. నిజమే. గుడ్డు పాతబడేకొద్దీ లోపలున్న కార్బన్ డయాక్సైడ్ పెంకులోంచి కొంచెం కొంచెంగా బయటికి పోతుంది, తెల్లసొనలో క్షారగుణం పెరుగుతుంది, అప్పుడది పొరని పట్టుకోదు. కోడిగుడ్డుకీ ఇదే సూత్రం. మనం కొట్లో కొనేసరికే అవి పాతవి కాబట్టి మనకి తెలీదు, అంతే. అప్పటినుంచీ పెంకు మీద పెన్సిలుతో తేదీ రాసి, ఎనిమిది పది రోజులు ఆగి ఉడకేస్తున్నాను. చల్లటి నీళ్ళలో వేసి, నీళ్ళు మరిగాక మంట తగ్గించి 12 నిమిషాలు, తరవాత వెంటనే చన్నీళ్ళలోకి. ఓసారి ఫోను మాట్లాడుతూ ఇరవై నిమిషాలు వదిలేశాను. తెల్లసొన నమిలినకొద్దీ సాగింది. "ఇది కూరా, బండి టైరా?" అని మావారు. ఉడికిన తెల్లసొన కోడిగుడ్డుకన్నా నిగనిగలాడుతూ కొంచెం నీలంగా కనిపిస్తే కంగారు పడకండి, దాని తీరే అది.

పులుసు గురించి ఎంత చెప్పినా తక్కువే. నా లెక్కలో బాతు గుడ్డు పుట్టిందే పులుసు కోసం. ఆరు గుడ్లకి నాలుగు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి, వేరుశనగ నూనెలో ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేగాక వేసి, పచ్చివాసన పోయి ఎర్రబడేదాకా సన్నమంట మీద వేయిస్తాను. మెంతులు కోడిగుడ్డు పులుసుకన్నా కాస్త ఎక్కువ పడాలి, అవే నీచుని పట్టేస్తాయి. అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ధనియాల పొడి. రెండు టమాటాలు వేస్తే వెయ్యండి, లేకపోయినా నష్టం లేదు. పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, ములక్కాడ ముక్కలు. ములక్కాడ సగం ఉడికాక గుడ్లకి నాలుగు వైపులా చాకుతో గాట్లు పెట్టి దింపాలి. గాట్లు లోతుగా, పచ్చసొనకి తగిలేలా పెట్టాలి. పైపైన పెడితే ఆ మందపాటి తెల్లసొన పులుసుని లోపలికి పోనివ్వదు. చిటికెడు బెల్లం, పావుగంట సన్నమంట. దింపాక కనీసం రెండు గంటలు ముట్టుకోకూడదు. కోడిగుడ్డులో పచ్చసొన పొడిపొడిగా ఉండి గొంతుకి అడ్డం పడుతుంది చూడండి, ఇందులో అలా ఉండదు. వెన్న కలిపినట్టు మెత్తగా, అన్నంలో నలిపితే పులుసుని చిక్కబరుస్తుంది. అందుకే మామూలుగా నేను వేసే బియ్యప్పిండి నీళ్ళు దీంట్లో మానేశాను.

మా అత్తమ్మ కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు ఈ పులుసే చేశాను, ఏ గుడ్డో చెప్పకుండా. తప్పే, ఒప్పుకుంటాను. ఆవిడ సగం తిన్నాక చెంచాతో గుడ్డుని అటూ ఇటూ తిప్పి చూసి, "గిది కోడిగుడ్డు కాదు గదా బిడ్డా?" అంది. చెప్పేశాను. ఓ నిమిషం ఏమీ అనలేదు. "మా దిక్కు బాతులను చూసుడే గని తినుడు లేదు" అని, తరవాత, "ఇంకొకటెయ్యి" అంది. ఆ రోజు మావారికి ఒక గుడ్డే మిగిలింది.

పొరటు రెండో స్థానం. మూడు గుడ్లకి రెండు ఉల్లిపాయలు, ఆరు పచ్చిమిరపకాయలు, దింపే ముందు దండిగా మిరియాల పొడి. కోడిగుడ్డు పొరటులా పెద్ద మంట మీద చకచకా తిప్పితే రబ్బరు ముక్కలు తయారవుతాయి. మంట తగ్గించి, గుడ్డు వేశాక కదపకుండా కాసేపు వదిలి, అప్పుడు కలపాలి. ఇందులో కొవ్వెక్కువ, అందుకని నూనె సగం చాలు. రెండు గరిటెలు తింటే కడుపు నిండిపోతుంది, మూడో గరిటె ఆశపడితే మధ్యాహ్నం దాకా భుక్తాయాసమే.

అట్టు నాకు నచ్చలేదు. మామ్మగారు తాజా గుడ్డు అట్టుకి అంది కదా, పదిసార్లు వేసి చూశాను. అంచులు కరకరలాడాల్సింది పోయి గట్టిపడి సాగుతున్నాయి. ఎప్పుడైనా ఒక బాతు గుడ్డుకి ఒక కోడిగుడ్డు కలిపితే ఫరవాలేదు. హాఫ్ బాయిల్ జోలికి మాత్రం పోను. మావారికి చాలా ఇష్టం, ఆ ముదురు నారింజ రంగు పచ్చసొన పారుతుంటే చూడ్డానికి బావుంటుందని నాకూ తెలుసు. కానీ బురదలో, గడ్డిలో పెట్టిన గుడ్డుకి సాల్మొనెల్లా బెడద ఎక్కువ. ఇంట్లో ఆరేళ్ళ పిల్ల ఉంది. బాతు గుడ్డంటే పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాల్సిందే, మా ఇంట్లో దానికి బేరం లేదు.

ఆ ఒక నెల ఎందుకు మానేశానంటే, నేను కొనడం మొదలుపెట్టిన కొత్తలోనే, 2025 ఫిబ్రవరిలో, తణుకు దగ్గర వేల్పూరు కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఇక్కడ చికెన్ కొట్లు వెలవెలబోయాయి. బాగా ఉడికిన గుడ్డుతో భయం లేదని తెలిసినా, ఆ దొడ్లోకి వెళ్ళి రావడానికి జంకాను. పైగా బాతులతో ఒక తిరకాసుంది. కోడికి ఆ జబ్బొస్తే రెండు రోజుల్లో తెలుస్తుంది, బాతు పైకి ఏమీ కనపడకుండా వైరస్‌ని మోస్తూ తిరగగలదు. మామ్మగారు కూడా ఆ నెల బాతుల్ని పక్క చేలోకి వదల్లేదు, ఎవర్నీ దొడ్డి గేటు దాటనివ్వలేదు. గుడ్లు ఏం చేశారంటే, "మేవే తిన్నాం, రోజూ గుడ్డే, మా మనవడు అన్నం మానేశాడు" అంది.

కేకు సంగతి నా వృత్తి కాబట్టి కొంచెం లోతుగా చెబుతాను. లెక్కపెట్టి కాదు, తూచి వెయ్యాలి. పెంకు తీశాక మూడు బాతు గుడ్లు 184 గ్రాములు వచ్చాయి, నాలుగు కోడిగుళ్ళు 185. కాబట్టి నాలుగుకి మూడు. తెల్లసొన విడిగా గిలక్కొట్టేటప్పుడు ఓపిక కావాలి. మొదటి మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగదు, బీటరు పాడైందేమో అనిపిస్తుంది. నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, ఫ్రిజ్‌లోంచి తీసి గంటయిన గుడ్లు వాడితే, ఒకసారి లేవడం మొదలయ్యాక కోడిగుడ్డు నురగకన్నా గట్టిగా నిలబడుతుంది. ఏడంగుళాల గిన్నెలో అదే కొలతల స్పాంజి ఓ వేలు మందం ఎక్కువ పొంగింది. రంగు వెయ్యకుండానే పసుపు. వెనిల్లా మాత్రం ఒకటిన్నర రెట్లు పడాలి. రెండో రోజుకి కూడా ఎండిపోలేదు. క్రీము పూసే కేకులకి ఇంత తడి అవసరం లేదు. ఏమీ పుయ్యని సాదా కేకుకీ, బెల్లం అరటిపండు కేకుకీ ఇదే వాడుతున్నాను.

ఒకావిడ ఫోను చేసి, "మా బాబుకి కోడిగుడ్డు పడదు, బాతు గుడ్డుతో చేస్తారటగా, పుట్టినరోజుకి చెయ్యండి" అంది. చెయ్యనన్నాను. కోడిగుడ్డు పడనివాళ్ళకి బాతు గుడ్డు కూడా పడకపోవచ్చు, రెండిట్లోనూ ఉండే ప్రొటీన్లు దగ్గర చుట్టాలే. డాక్టర్ని అడక్కుండా నేను ప్రయోగం చెయ్యలేను. ఆవిడకి కోపం వచ్చింది. రానీ.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మే నెలలో తెచ్చిన పది గుడ్లు నేను పారబోశాను. ఉడకేస్తుంటేనే ఇల్లంతా చేపల మార్కెట్ కంపు. పచ్చసొన మామూలు నారింజ రంగు కాదు, ఎర్రగా, కుంకుమ కలిపినట్టు. నోట్లో పెడితే రొయ్యపొట్టు నమిలినట్టుంది. మెంతులు కాదు కదా, మొత్తం పోపుల డబ్బా బోర్లించినా ఆ నీచు పోలేదు. మా అమ్మ అన్నది నిజమే అనుకున్నాను. ఆ ఆదివారం వెళ్ళి కాస్త గట్టిగానే అడిగాను. మామ్మగారు దాచలేదు. వేసవిలో కాలవలు కట్టేశారు, చెరువు అడుగంటింది, చేలల్లో నత్తలు లేవు. తవుడు, నూకలు పెట్టి మేపడం ఖర్చు. రొయ్యల షెడ్డు నుంచి తలకాయలు ఊరికే వస్తుంటే మనవడు సంచులు సంచులు తెచ్చి పోశాడట. "బాగా తిన్నాయి, బాగా పెట్టాయి, నాకేం తెలుసమ్మా ఇంత కంపు కొడతాయని. మా ఇంట్లో ఎవరికీ తెలీలేదు" అంది. వాళ్ళింట్లో రోజూ చేపలే, ఎలా తెలుస్తుంది!

డబ్బు తిరిగివ్వబోయింది, తీసుకోలేదు. రొయ్య తలకాయలు మానేసి తవుడులో గడ్డి, నాచు కలిపి పెట్టడం మొదలుపెట్టింది. రెండు వారాలకి వాసన తగ్గింది, మూడో వారానికి పోయింది. అప్పటినుంచీ గుడ్డు ధర అడిగే ముందు "ఈ వారం ఏం తిన్నాయి మామ్మగారూ?" అని అడుగుతున్నాను. మీరూ అదే అడగండి. ఇక్కడే కాదు, ఎక్కడ కొన్నా. బాతు ఏది దొరికితే అది తింటుంది, తిన్నది గుడ్డులో తేలుతుంది. కోడిగుడ్డు ఏడాది పొడుగునా ఒక్కలాగే ఉంటుందంటే ఫారంలో ఏడాదంతా అదే దాణా కాబట్టి. ఇంటి బాతు గుడ్డుకి ఋతువులున్నాయి. నేను తిన్నవాటిలో అన్నిటికన్నా మంచివి డిసెంబరువి. సార్వా కోతలయ్యాక ఖాళీ చేలల్లో రాలిన ధాన్యం, నత్తలు, పురుగులు, పచ్చి మొలకలు. ఆ నెల పచ్చసొనకి పనసతొనలాంటి రంగు, నీచు అన్న మాటే లేదు, ఉప్పేసి ఉత్తినే తినొచ్చు.

ఆ రోజుల్లోనే రోడ్డు పక్క చేలల్లో వేలకొద్దీ బాతుల మందలు కనిపిస్తాయి మీకు. పొడుగాటి కర్రలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు మనుషులు, గట్టు మీద చిన్న గుడారం, చుట్టూ వలతో దడి. కోతలు ఎక్కడైతే అక్కడికి మందని తోలుకుంటూ పోతారు. వాళ్ళ దగ్గర కూడా అట్ట లెక్కన కొన్నాను ఒకసారి, 30 గుడ్లు. చవక, రుచిలో తేడా లేదు. కానీ పగుళ్ళు ఎక్కువ, ఏది ఏ రోజుదో తెలీదు, మళ్ళీ వారానికి ఆ మంద ఏ ఊళ్ళో ఉంటుందో వాళ్ళకే తెలీదు. మే నెల గుడ్ల గురించి తగువు పెట్టుకోవాలంటే ఎవరితో పెట్టుకుంటాం?

రెండో చిరాకు వానాకాలంలో. ఆగస్టు చివర బాతులు ఈకలు రాల్చడం మొదలుపెట్టాయి. దొడ్డంతా దిండు చింపినట్టు ఈకలు. ఆ సమయంలో ఒంట్లో బలమంతా కొత్త ఈకలకే పోతుంది, గుడ్లు పడిపోతాయి. రోజుకి నాలుగైదు వస్తే గొప్ప. అప్పుడు మామ్మగారు వంతులు పెట్టింది. పాత ఖాతాదార్లకి ముందు. మొలల జబ్బుకి బాతు గుడ్డు మంచిదని నమ్మి తినే ఒక మాస్టారికి అందరికన్నా ముందు. జబ్బు సంగతి నాకు తెలీదు గానీ, నాకు మాత్రం మూడు వారాలు ఒక్కటి కూడా దక్కలేదు. ఒప్పుకున్న రెండు కేకులు కోడిగుడ్లతో చేసి, తక్కువ తీసుకున్నాను.

ఆదివారాలు ఇంటికి తెచ్చిస్తానని మనవడు మొదట్లో మాటిచ్చాడు. నాలుగు ఆదివారాలు తెచ్చాడు. ఐదో ఆదివారం బండి గుంతలో పడి పన్నెండింటిలో ఏడు పగిలాయి, మిగిలిన ఐదూ సొనలో తడిసి ముద్దయ్యాయి. అది మొదలు నేనే వెళ్తున్నాను. పోనూ రానూ పెట్రోలు కలుపుకుంటే గుడ్డు 12 కాదు, 16 దాకా పడుతోంది.

పొదిగే గుడ్లు కావాలన్నా ఇస్తుంది, ధర ఇంకాస్త ఎక్కువ. కాకపోతే ఈ బాతులు సరిగా పొదగవు, కోడి కింద పెట్టాలి. కోడిగుడ్డుకి 21 రోజులు, బాతు గుడ్డుకి 28. ఆ చివరి వారం విసుగొచ్చి లేచిపోని కోడి కావాలి. "మొండి కోడైతేనే తీసుకెళ్ళు" అని ముందే చెబుతుంది. మా అపార్టుమెంటులో కోడీ లేదు, మొండిదీ లేదు కనక ఆ విషయంలో నా అనుభవం సున్నా.

ఇంకొక్కటి, చెప్పకపోతే తప్పు. 70 గ్రాముల బాతు గుడ్డులో కొలెస్ట్రాల్ 600 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, మామూలు కోడిగుడ్డుకి మూడు రెట్లు. మా మావయ్యగారికి స్టెంట్ వేశారు, ఆయనకి పులుసే పోస్తాను, గుడ్డు వెయ్యను. ఆయన పులుసులో పచ్చసొన ముక్కలు వెతుక్కోవడం చూసీ చూడనట్టు ఊరుకుంటాను. మేం ముగ్గురం వారానికి ఒక్కసారే తింటాం, మనిషికొకటి.

మార్కులు అడుగుతారు కాబట్టి: డిసెంబరు నుంచి మార్చి దాకా గుడ్డుకి 5కి 5. మేలో 1, అది కూడా ఆవిడ నిజం చెప్పినందుకు. సేవకి 5కి 3, ఆ మూడూ ఊకకి. పులుసు ఇష్టమున్నవాళ్ళు, కేకులు చేసేవాళ్ళు వెళ్ళండి. అట్టు, హాఫ్ బాయిల్ కోసమైతే పెట్రోలు దండగ.

ఆదివారం ఎనిమిదిన్నర తరవాత, తొమ్మిదిన్నర లోపు వెళ్ళండి. పదింటికి గుడ్లుండవు. మూత గట్టిగా పట్టే డబ్బా, చిల్లర పట్టుకెళ్ళండి. గేటు దగ్గర నిలబడి పిలవండి, లోపలికి వెళ్ళొద్దు, ఆ నాలుగు మగబాతుల్లో ఒకటి పిక్కలు పట్టుకుంటుంది. నాకు రెండుసార్లయింది.